జిల్లా పేరు పెరిగితే ఫోన్ నంబరు పోయింది: సీలో స్ట్రింగ్ కాపీకి ఏ ఫంక్షన్ వాడాలి?

అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన దగ్గర రశీదులు కొట్టే చిన్న ప్రోగ్రామ్ ఉందనుకోండి, ఎప్పుడో సీ భాషలో రాసింది. రైతు పేరు, ఊరు, జిల్లా, ఫోన్ నంబరు, అన్నీ ఒకే స్ట్రక్చర్‌లో వరసగా ఉన్న క్యారెక్టర్ ఎరేలు. జిల్లాకి 20 బైట్లు, దాని పక్కనే ఫోన్‌కి 11. రాసిన రోజుల్లో జిల్లా అంటే ఈస్ట్ గోదావరి, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మధ్య ఖాళీతో కలిపి 13 అక్షరాలు, చివర స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా బైటుకి, అంటే నల్‌కి ఇంకోటి, మొత్తం 14. ఇరవైలో 14 అంటే బోలెడు చోటు, అందుకని ధైర్యంగా స్ట్రింగ్ కాపీ చేసే స్టర్‌కాపీ వాడేశారు.

2022లో జిల్లాలు విడిపోయాయి. అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ. డాక్టర్‌ని 'డీఆర్ చుక్క' అని కుదించి రాసినా, చుక్కలూ ఖాళీలూ కలుపుకుంటే ఇంగ్లిష్‌లో 27 అక్షరాలు, నల్‌తో 28. ఇరవై బైట్ల గదిలోకి 28 బైట్లు వెళ్లాయి, మిగిలిన 8 పక్క గదిలో పడ్డాయి. ఫోన్ ముందు నింపి జిల్లా తర్వాత నింపితే జిల్లా పేరు చక్కగానే అచ్చవుతుంది, ఫోన్ ఉండాల్సిన చోట మాత్రం 'నసీమ' అని వస్తుంది. వరస తిప్పి చూడండి, 'అంబేద్కర్ కో' దగ్గర పేరు ఆగిపోయి ఖాళీ కూడా లేకుండా ఫోన్ నంబరు మొదలవుతుంది. ప్రోగ్రామ్ క్రాష్ అవ్వదు, ఎర్రర్ రాదు, అదే దీనితో వచ్చిన అసలు చిక్కు.

(ఫంక్షన్ల పేర్లు మనం నోటితో పలికేలాగే రాస్తున్నాను. హెడర్ ఫైల్లో ఎస్‌టీఆర్ అని ఉన్నదంతా ఇక్కడ 'స్టర్', సీపీవై అని ఉన్నది 'కాపీ'.)

ఇది చెప్పగానే క్లాసులో సగం మంది "స్టర్‌ఎన్‌కాపీ వాడాలండీ, అది సేఫ్" అంటారు. వైవాలో అడిగినా ఇదే జవాబు. ఆ జవాబు తప్పు, ఎందుకు తప్పో తెలియాలంటే సీలో స్ట్రింగ్ ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. సీకి స్ట్రింగ్ అనే ప్రత్యేక రకం లేదు. మెమరీలో వరసగా కొన్ని బైట్లు, చివర ఒక సున్నా బైటు, అంతే. ఫంక్షన్‌కి మనం ఇచ్చేది మొదటి బైటు అడ్రసు మాత్రమే. అక్కడి నుంచి ఎన్ని బైట్లు మనవో, ఎక్కడి నుంచి పక్కవాడివో ఆ అడ్రసు చూసి చెప్పడం కుదరదు. కాబట్టి స్టర్‌కాపీ నిర్లక్ష్యంగా రాసిన ఫంక్షనేమీ కాదు, దానికి ఆ సమాచారమే అందదు. సోర్స్‌లో సున్నా కనబడేదాకా కాపీ చేస్తూ పోతుంది.

మరి స్టర్‌ఎన్‌కాపీకి సైజు ఇస్తాం కదా? ఇస్తాం, కానీ అది పుట్టింది వేరే పనికి. తొలినాళ్ల యూనిక్స్‌లో డైరెక్టరీ ఎంట్రీ ఒక్కోటి 16 బైట్లు, అందులో 2 బైట్లు ఫైలుని గుర్తించే ఐనోడ్ నంబరుకి, 14 బైట్లు ఫైలు పేరుకి. పేరు పొట్టిదైతే మిగిలిన బైట్లన్నీ సున్నాలతో నింపాలి, పేరు సరిగ్గా 14 అక్షరాలుంటే చివర సున్నా అక్కర్లేదు, ఎందుకంటే చదివే వాళ్లకి అది 14 బైట్ల ఫీల్డని ముందే తెలుసు. స్టర్‌ఎన్‌కాపీ అచ్చంగా ఇదే చేస్తుంది. పొట్టిగా ఉంటే చివరిదాకా సున్నాలు నింపుతుంది, సరిగ్గా సరిపోయినా ఎక్కువైనా సున్నా పెట్టదు.

మన ప్రోగ్రామ్‌లో ఊరికి కూడా 14 బైట్లే ఇచ్చారనుకుందాం. నరసాపురం ఇంగ్లిష్‌లో 11 అక్షరాలు, 14 అని చెప్పి స్టర్‌ఎన్‌కాపీ చేస్తే 11 అక్షరాలు, 3 సున్నాలు, ఏ గొడవా లేదు. రేవు దాటి ఇవతలికొస్తే సఖినేటిపల్లి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ లెక్కపెట్టండి, సరిగ్గా 14. సున్నాకి చోటు లేదు, ఫంక్షన్ పెట్టదు, దాన్ని పర్సెంట్ ఎస్‌తో ప్రింట్ చేస్తే ఊరి పేరు వెనకే జిల్లా పేరు అతుక్కుని వస్తుంది. ఓవర్‌ఫ్లో జరగలేదు నిజమే, కానీ చేతికొచ్చింది స్ట్రింగే కాదు. పైగా ఇది సఖినేటిపల్లి లాంటి పొడుగు పేర్లకే వస్తుంది, టెస్టింగ్‌లో అమలాపురం, రావులపాలెం, రాజోలు వేసి చూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి, ప్రోగ్రామ్ అప్పజెప్పాక ఏ సఖినేటిపల్లి రైతో వచ్చినప్పుడు బయటపడుతుంది. చాలామంది చివరి బైటులో సున్నా తమ చేత్తో పెట్టి సర్దుకుంటారు, పెడితే పనవుతుంది కూడా. కానీ గుర్తుపెట్టుకుని రెండో లైను రాస్తేనే పనిచేసే దాన్ని సేఫ్ అనడం నాకు మింగుడుపడదు. ఇంకో సంగతి, 4096 బైట్ల బఫర్లోకి (రాయడానికి అట్టిపెట్టుకున్న మెమరీ) 'యానాం' అనే పొట్టి పేరు స్టర్‌ఎన్‌కాపీ చేస్తే మిగిలిన నాలుగు వేల బైట్లనీ సున్నాలతో నింపుతుంది, ఎవరూ అడక్కపోయినా.

ఇక్కడే మరో తలనొప్పి ఉంది. పేరులో 'క్యాట్' ఉన్నవి ఒక స్ట్రింగ్ చివర ఇంకోటి కలిపే ఫంక్షన్లు. స్టర్‌ఎన్‌క్యాట్ పేరు చూస్తే స్టర్‌ఎన్‌కాపీకి తోబుట్టువులా ఉంటుంది కదా, ప్రవర్తన మాత్రం పూర్తిగా వేరు. అది చివర సున్నా ఎప్పుడూ పెడుతుంది. కానీ దానికిచ్చే అంకె డెస్టినేషన్ సైజు కాదు, సోర్స్ నుంచి గరిష్ఠంగా ఎన్ని అక్షరాలు తెచ్చి కలపాలో ఆ లెక్క, సున్నా దానికి అదనం. అంటే బఫర్ సైజులోంచి ఇప్పటికే ఉన్న పొడవు తీసేసి, ఇంకో ఒకటి కూడా తీసేసి ఇవ్వాలి. బఫర్ సైజు నేరుగా ఇచ్చేసిన కోడ్ ఎంత కనిపిస్తుందో చెప్పలేను, ఆ ఒకటి తీయడం మర్చిపోయిన కోడ్ అంతకంటే ఎక్కువ. కోడ్‌లో చేసిన మార్పుల్ని భద్రపరిచే గిట్ ప్రాజెక్టు వాళ్లయితే విసిగిపోయి ఒక హెడర్ ఫైలే పెట్టుకున్నారు, అందులో స్టర్‌కాపీ, స్టర్‌క్యాట్, స్టర్‌ఎన్‌కాపీ, స్టర్‌ఎన్‌క్యాట్, ఎస్‌ప్రింట్‌ఎఫ్ వాడితే కంపైలే అవ్వదు.

స్టర్‌క్యాట్‌కి ఓవర్‌ఫ్లో బాధతోపాటు వేగం బాధ కూడా ఉంది. కలపాలంటే ముందు ఉన్న స్ట్రింగ్ ఎక్కడ ముగిసిందో కనిపెట్టాలి, దానికి మొదటి బైటు నుంచి సున్నా దొరికేదాకా నడవాలి, పిలిచిన ప్రతిసారీ. అమలాపురం దగ్గర కాలవ గట్టు మీద పోయాల్సిన ఒక్కో తట్ట మట్టికీ ధవళేశ్వరం నుంచి గట్టమ్మట నడిచొచ్చినట్టన్నమాట. ఒక్కోటి 40 బైట్లున్న వెయ్యి లైన్లు లూప్‌లో స్టర్‌క్యాట్‌తో కలిపితే తయారయ్యే స్ట్రింగ్ 40 వేల బైట్లే, కానీ చివర వెతుక్కోవడానికి నడిచిన బైట్లు దాదాపు 2 కోట్లు. నాలుగు ముక్కలు కలపడానికి ఇదంతా పట్టించుకోనక్కర్లేదు. సీజన్ మొత్తం రశీదులన్నీ ఒకే రిపోర్టుగా కట్టేటప్పుడు మాత్రం పట్టించుకోవాలి.

తమాషా ఏంటంటే స్టర్‌కాపీ, స్టర్‌క్యాట్ రెండూ తిరిగి ఇచ్చేది డెస్టినేషన్ మొదటి అడ్రసు, అంటే మనం ఇచ్చిందే మనకి ఇస్తాయి. రాయడం ఎక్కడ ఆపామో ఆ అడ్రసు ఇచ్చి ఉంటే ఈ నడక గొడవే ఉండేది కాదు. ఆ పని చేసేది ఎస్‌టీపీకాపీ, అది చివరి సున్నా ఉన్న అడ్రసు ఇస్తుంది, తర్వాతి ముక్క అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. యూనిక్స్ రకం సిస్టమ్‌లన్నిటికీ ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణంలోకి 2008లో వచ్చింది. సైజు చూడదు కాబట్టి ప్రమాదం స్టర్‌కాపీతో సమానమే.

సరే, మామూలు పనికి ఏది వాడాలి? నా మాట అడిగితే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్. సీ99, అంటే 1999 నాటి సీ ప్రమాణం నుంచి ఉంది, సైజు ఇస్తే దాటదు, సైజు సున్నా కానంతవరకూ చివర నల్ పెడుతుంది, కాపీ చేయడం, కలపడం, అంకెల్ని అక్షరాలుగా మార్చడం అన్నీ ఒకే పిలుపులో అయిపోతాయి. "ఊరు, కామా, జిల్లా, పిన్‌కోడ్" అని అడ్రసు లైను కట్టాలంటే స్టర్‌కాపీ ఒకటి, స్టర్‌క్యాట్లు మూడు రాసే బదులు ఒక్క ఫార్మాట్ చాలు. కాస్త నెమ్మది అంటారు, ఫార్మాట్ చదవాలి కాబట్టి నిజమే, కానీ రశీదు ప్రింటర్ కాగితం లాగే టైముతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

దీన్ని బాగా వాడాలంటే అది తిరిగి ఇచ్చే విలువ అర్థం కావాలి. రాసిన అక్షరాల సంఖ్య కాదు అది, చోటు ఉండి ఉంటే ఎన్ని అక్షరాలు రాసేదో ఆ సంఖ్య. కోనసీమ జిల్లా పేరు 20 బైట్ల బఫర్లోకి రాయమంటే 19 అక్షరాలు రాసి, నల్ పెట్టి, 27 అని చెబుతుంది. కాబట్టి తిరిగొచ్చిన విలువ బఫర్ సైజుకి సమానమైనా ఎక్కువైనా పేరు తెగిందని అర్థం, రుణసంఖ్య వస్తే అసలు ఏదో ఎర్రర్. ఈ లెక్క తెలియక ఒక ఉచ్చులో పడతారు. లూప్‌లో ముక్కలు కలుపుతూ, తిరిగొచ్చిన విలువని చెక్ చేయకుండా స్థానానికి కూడేస్తూ పోతారు, ఒక ముక్క పట్టకపోయిందంటే స్థానం బఫర్ సైజుని దాటిపోతుంది, తర్వాతి పిలుపులో 'సైజు మైనస్ స్థానం' అన్సైన్డ్ లెక్కలో రుణసంఖ్య కాలేక కోట్ల కోట్ల పెద్ద అంకెగా మారుతుంది, బఫర్ అయిపోయిన చోట కావలసినంత చోటుందని ఫంక్షన్ నమ్మేస్తుంది. సేఫ్ ఫంక్షన్‌తో ఓవర్‌ఫ్లో తెచ్చుకోవడమంటే ఇదే. ప్రతి పిలుపు తర్వాత విలువ చూసుకోవాలి, పట్టలేదంటే లూప్ ఆపాలి. లైనక్స్ కెర్నల్ వాళ్లు ఈ బాధ పడలేక నిజంగా రాసిన సంఖ్యనే ఇచ్చే ఎస్‌సీఎన్‌ప్రింట్‌ఎఫ్ వేరుగా పెట్టుకున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఒకే బఫర్ని అటు సోర్స్‌గానూ ఇటు డెస్టినేషన్‌గానూ ఇవ్వకండి. బఫర్‌కి చివర ఏదో కలపడానికి ఎస్‌ప్రింట్‌ఎఫ్‌లో అదే బఫర్ని పర్సెంట్ ఎస్‌కి ఇస్తుంటారు. కొన్ని కంపైలర్లలో పనిచేసినట్టే కనబడుతుంది, ప్రమాణం మాత్రం ఫలితానికి హామీ ఇవ్వదు. స్టర్‌కాపీకీ, చెప్పినన్ని బైట్లు కాపీ చేసే మెమ్‌కాపీకీ ఇదే నియమం. ఒకే ఎరేలో అక్షరాలు పక్కకి జరపాలంటే అందుకు మెమ్‌మూవ్ ఉంది.

స్టర్‌ఎల్‌కాపీ, స్టర్‌ఎల్‌క్యాట్ గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. వీటిని ఓపెన్‌బీఎస్‌డీ అనే యూనిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్ కోసం టాడ్ మిల్లర్, థియో డి రాట్ చేశారు, 1998లో వచ్చాయి. రెండిటికీ ఇవ్వాల్సింది బఫర్ మొత్తం సైజే, ఒకటి తీసేయడాలు, పొడవు తీసేయడాలు ఏమీ లేవు. చివర నల్ పెడతాయి, అనవసరంగా సున్నాలు నింపవు, పట్టి ఉంటే ఎంత పొడవుండేదో తిరిగి చెబుతాయి. ఇంత బాగున్నా లైనక్స్‌లో మనం వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలోకి రావడానికి 2023 దాకా పట్టింది, వెర్షన్ 2.38లో చేరాయి. ఇన్నేళ్లూ వద్దన్న వాళ్ల వాదన ఏంటంటే, ఇవి డేటాని చప్పుడు లేకుండా కత్తిరిస్తాయి, తిరిగొచ్చే విలువని ఎవరూ చూడరు, ఒక బగ్ పోయి ఇంకో బగ్ వస్తుంది అని. ఆ వాదనలో నిజం లేకపోలేదు, అయితే పక్క మెమరీ పాడవడమూ పేరు తెగడమూ సమానమైన తప్పులు కావు కదా. 2024 పోసిక్స్ ప్రమాణంలోకి కూడా ఇవి వచ్చేశాయి, కాబట్టి మీ సిస్టమ్ కొత్తదైతే నిశ్చింతగా వాడుకోండి. వింతేమిటంటే అదే 2024లో లైనక్స్ కెర్నల్ నుంచి స్టర్‌ఎల్‌కాపీని తీసేశారు. పొడవు చెప్పాలి కాబట్టి అది సోర్స్‌ని చివరి సున్నా దాకా చదువుతుంది, సోర్స్‌కే సున్నా లేకపోతే ఎంత దూరం చదువుతుందో తెలియదు, బయటి నుంచి వచ్చే డేటాతో పనిచేసే కెర్నల్‌కి అది కుదరదు. వాళ్లు స్టర్‌ఎస్‌కాపీ వాడతారు, అది కావలసినంతే చదివి, పట్టకపోతే నేరుగా ఎర్రర్ కోడ్ ఇస్తుంది.

చివర అండర్‌స్కోర్ ఎస్ ఉండే స్టర్‌కాపీ_ఎస్ రకాలు మైక్రోసాఫ్ట్ కంపైలర్ వాడేవాళ్లకి తెలుసు, మామూలు స్టర్‌కాపీ రాస్తే అవి వాడమని సతాయిస్తుంది. సీ11లో వీటిని అనుబంధంగా చేర్చారు గానీ అది ఐచ్ఛికం, జీలిబ్‌సీలో లేవు. విండోస్ దాటని కోడ్ అయితే తప్ప వాటి జోలికి వెళ్లకండి.

ఇక పొడవు మీకు ముందే తెలిస్తే మెమ్‌కాపీ. మనవాళ్లు దీన్ని స్ట్రింగులకి వాడరెందుకో, అది స్ట్రక్చర్లకే అనుకుంటారు. నిజానికి జాగ్రత్తగా రాసిన సీ కోడ్‌లో పొడవు చాలాసార్లు ముందే తెలిసి ఉంటుంది, ఎందుకంటే పడుతుందా లేదా అని చూడటానికి పొడవు చెప్పే స్టర్‌లెన్ ఎలాగూ పిలిచి ఉంటారు. పొడవు చేతిలో ఉన్నాక మళ్లీ సున్నా వెతుక్కునే ఫంక్షన్ ఎందుకు? ముక్కలన్నిటి పొడవులూ కూడి, ఒకటి కలిపి, అంత మెమరీ మాలాక్‌తో అడిగి తీసుకుని, ఒక్కో ముక్కనీ మెమ్‌కాపీతో పెట్టి, చివర సున్నా వేస్తే ఏదీ తెగదు, ఏదీ దాటదు, వెయ్యి ముక్కలైనా నడక ఉండదు. అంకెలూ కలిసి ఉంటే, ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కి బఫర్ బదులు నల్ పాయింటరూ సైజు సున్నా ఇచ్చి పిలవండి, ఏమీ రాయకుండా ఎంత చోటు కావాలో చెబుతుంది, దానికి ఒకటి కలిపి మాలాక్ చేసి రెండోసారి నిజంగా రాయించండి.

చూశారా, ఇప్పటిదాకా చెప్పుకున్న వాటిలో ఏ ఫంక్షనూ ఒక ప్రశ్నకి జవాబు చెప్పలేదు: పట్టకపోతే ఏం చేద్దాం? అది మీరు తేల్చుకోవాల్సింది, లైబ్రరీ కాదు. స్క్రీన్ మీద చూపించే సందేశం చివర తెగినా కొంప మునగదు. ఫైలు పేరు తెగితే వేరే ఫైలు తెరుచుకుంటుంది. జిల్లా పేరు సగంలో తెగిన రశీదుని ఎవరి చేతిలోనూ పెట్టలేం, అక్కడ ఎర్రర్ చూపించి ఆపాలి, లేదా బఫర్ పెంచాలి. ఇది తేల్చుకున్నాక ఫంక్షన్ ఎంపిక దానంతటదే తేలిపోతుంది. కత్తిరించినా ఫర్వాలేదంటే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్, స్టర్‌ఎల్‌కాపీ ఏదైనా సరే. కత్తిరించకూడదంటే అవే వాడి తిరిగొచ్చిన విలువ చూడాలి, లేదా మాలాక్, మెమ్‌కాపీ. పట్టడం ఖాయమని కళ్ల ముందే కనబడుతుంటే, అంటే 32 బైట్ల ఎరేలోకి 'అమలాపురం' అని కోడ్‌లోనే రాసుంటే, స్టర్‌కాపీ కూడా తప్పేం కాదు. స్టర్‌ఎన్‌కాపీ మాత్రం సున్నాలతో నింపాల్సిన నిర్ణీత ఫీల్డులకే.

పేర్లు తెలుగులో దాచేవాళ్లకి కత్తిరించడం మరీ ప్రమాదం. యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిలో, తెలుగు కోడ్‌పాయింట్ (ఒక్కో గుర్తుకిచ్చిన సంఖ్య) ఒక్కోటి 3 బైట్లు, గుణింతం గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కే. రాజమహేంద్రవరం ఇంగ్లిష్‌లో 17 బైట్లు, తెలుగులో రాస్తే 13 కోడ్‌పాయింట్లు, అంటే 39 బైట్లు, నల్‌తో 40. దీన్ని 32 బైట్ల బఫర్లోకి స్టర్‌ఎల్‌కాపీ చేస్తే 31 బైట్లు వెళ్తాయి, 'రాజమహేంద్ర' దాకా 30 బైట్లు, ఆ తర్వాత 'వ'లో మూడోవంతు. స్క్రీన్ మీద ప్రశ్నార్థకం గుర్తున్న వజ్రం కనబడుతుంది. తెగిన చోటు నుంచి వెనక్కి వస్తూ, పై రెండు బిట్లు ఒకటి, సున్నాగా ఉన్న బైట్లన్నీ దాటి, అక్షరం మొదలైన బైటు దగ్గర సున్నా పెడితే చెత్త పోతుంది. అయినా 28 బైట్ల బఫర్ అయితే కోడ్‌పాయింట్ తెగకుండానే 'రాజమహేంద్' అని పొల్లు దగ్గర ఆగుతుంది, బైట్ల లెక్కలో సరైనదే, చదవడానికి మాత్రం కాదు. తెలుగు డేటాకి నా సలహా ఒకటే, కత్తిరించకండి, చోటు పెంచండి.

సైజ్‌ఆఫ్ గురించి కూడా ఓ మాట. ఎరే ఉన్న ఫంక్షన్‌లోనే సైజ్‌ఆఫ్ వాడితే 20 వస్తుంది. అదే ఎరేని ఇంకో ఫంక్షన్‌కి పంపి అక్కడ వాడితే 64 బిట్ మెషీన్‌లో 8 వస్తుంది, ఎందుకంటే లోపలికి వెళ్లింది పాయింటర్ మాత్రమే. సైజుని వేరే పారామీటర్‌గా పంపండి.

కంపైలర్ సాయం కూడా తీసుకోండి. జీసీసీలో వార్నింగులన్నీ ఆన్ చేస్తే స్టర్‌ఎన్‌కాపీ నల్ లేకుండా వదిలేసే చోట్లు కొన్ని అదే చూపిస్తుంది, అడ్రస్ శానిటైజర్ పెట్టి నడిపితే ఎరే దాటిన చాలా రాతల్ని లైన్ నంబరుతో సహా పట్టిస్తుంది. ఉబుంటు జీసీసీలో ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే ఫోర్టిఫై సోర్స్ కూడా దానంతటదే వస్తుంది, మన జిల్లా పేరు స్టర్‌కాపీ అక్కడ 'బఫర్ ఓవర్‌ఫ్లో డిటెక్టెడ్' అని అరిచి ఆగిపోతుంది. మీ ల్యాబ్‌లో ఇంకా నీలం తెర టర్బో సీయే ఉంటే ఇవేవీ దొరకవు, ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ కూడా లేదు. అప్పుడు చిన్న ఫంక్షన్ మీరే రాసుకోండి. డెస్టినేషన్, దాని సైజు, సోర్స్ తీసుకోవాలి, స్టర్‌లెన్‌తో పొడవు చూడాలి, అది సైజుకి సమానమైనా ఎక్కువైనా మైనస్ ఒకటి ఇచ్చి వెనక్కి రావాలి, లేకపోతే పొడవుకి ఒకటి కలిపి మెమ్‌కాపీ చేసి సున్నా ఇవ్వాలి. నాలుగైదు లైన్లు, ఏ కంపైలర్‌లోనైనా నడుస్తుంది. దానికి పేరు పెట్టేటప్పుడు మాత్రం ఎస్‌టీఆర్‌తో మొదలుపెట్టకండి, ఆ మూడక్షరాల వెనక చిన్న అక్షరం వచ్చే పేర్లన్నీ సీ ప్రమాణం ముందు ముందు తన లైబ్రరీ కోసమని అట్టిపెట్టుకుంది.